పరంజ్యోతి బావ కారు హీటరు

మా పరంజ్యోతి బావకి ఏ వస్తువునైనా ఉన్నదున్నట్టు వదిలెయ్యడం చేతకాదు. గడియారం చక్కగా నడుస్తూంటే, ఎందుకు నడుస్తోందో చూడాలని విప్పుతాడు. గిలక చప్పుడు చేస్తోందని నూతి దగ్గర కూర్చుని పొద్దంతా దాన్ని బాగుచేస్తాడు, సాయంత్రానికి చేద నూతిలో ఉంటుంది. పోనీ దుర్మార్గుడా అంటే, అంత మంచిమనిషి బొబ్బిలి మొత్తం గాలించినా దొరకడు. అదే వచ్చిన చిక్కు. దుర్మార్గుడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. ఈయన మంచివాడు, పైగా మా ఏసమ్మక్క మొగుడు, పైగా ఏం చేసినా మన సుఖం కోసమే చేస్తాడు. ఇంక ఎవరితో చెప్పుకోను?

బావ చాలాకాలం ఒక డాక్టరమ్మ గారికి కారు డ్రైవరు. పంతొమ్మిది వందల అరవై ఆరులో ఆవిడ ఉద్యోగం చాలించుకుని తన దేశం వెళ్ళిపోతూ, కారు బావకి ఇచ్చేసింది. అప్పట్నించి దాన్ని అద్దెకి తిప్పుకుంటున్నాడు. అది మంచుదేశంలో తయారైన కారు. అందుకని అందులో హీటరని ఒక డబ్బా ఉంది. ఇంజనులో మరిగే నీళ్ళు ఒక రబ్బరు గొట్టంలోంచి ఆ డబ్బాలోకి వచ్చి, లోపల తిరిగి, ఇంకో గొట్టంలోంచి మళ్ళీ ఇంజనులోకి పోతాయి. డబ్బా ముందు సీటులో కూర్చున్నవాళ్ళ కాళ్ళ దగ్గర ఉంటుంది. మంచులో అది హాయిగానే ఉంటుంది కాబోలు. బొబ్బిల్లో, మే నెలలో ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నీళ్ళు ఆపడానికి ఒక కుళాయి ఉందిగానీ, అది తెరిచి ఉండగానే తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

కారు సొంతమైన రోజున బావ అక్కని దర్జాగా ముందు సీటులో కూర్చోబెట్టుకుని కోట చుట్టూ తిప్పాడు. ఇంటికొచ్చేసరికి అక్క పాదాలు ఎర్రగా కందిపోయాయి.

"ఓలమ్మో, పొయ్యిలో కాల్లెట్టినట్టున్నాది. ఇంక నానీ సీట్లో కూకోను," అని అక్క వెనక సీటుకి మారిపోయింది.

బావ మనసులో అది ముల్లులా ఉండిపోయింది. "పెల్లాం పక్కన కూకోని కారు, కారేటిరా అప్పారావు?" అని నేను పార్వతీపురం నుంచి వచ్చినప్పుడల్లా అనేవాడు. అక్కడ కో-ఆపరేటివ్ స్టోర్సులో బియ్యం తూచుకునే నాకు కార్ల సంగతి ఏం తెలుసు? "పోనీ బావా, వెనక కూకుంటే ఏటైనాది?" అనేవాణ్ణి. ఆయన చెవికెక్కేది కాదు.

ఆ కారుకి ఇంకో రోగం కూడా ఉంది. బ్యాటరీ చచ్చిపోయింది. ఇంజను ఒకసారి ఆగిందంటే మనుషులు తొయ్యాల్సిందే. అందుకని ఇల్లు చేరేదాకా బావ దాన్ని ఆపడు. పెట్రోలు పోయించుకునేటప్పుడూ ఆపడు, టీ తాగేటప్పుడూ ఆపడు. ఒక ఆదివారం గుడి బయట కారు గుడగుడలాడుతూంటే, లోపల పాస్టరు గారు ప్రసంగం మధ్యలో ఆగి, "పరంజ్యోతీ, దేవుడికి వినబడుతున్నాదేమో గాని నాకైతే నా మాటే వినబడటం లేదు," అన్నారు. బావ లేచి వెళ్ళి కారుని కొంచెం దూరంగా పెట్టి వచ్చాడు. ఆపలేదు.

మూడో రోగానికి మందు బావే వేశాడు. రేడియేటరు కారుతూంటే, సాలూరు లారీవాళ్ళు అందులో గుప్పెడు చోడిపిండి, అదే రాగిపిండి, వేస్తారని ఎవరో చెప్పారు. పిండి లోపల ఉడికి చిల్లి దగ్గర గట్టిపడుతుందట. గుప్పెడు వేస్తే కొంచెం కారడం తగ్గింది. ఇంకా వేస్తే ఇంకా తగ్గుతుంది కదా అని, అక్క అంబలికోసం విసిరి పెట్టుకున్న పిండంతా పోసేశాడు. కారడం ఆగిపోయింది. మూత తీస్తే మాత్రం గుమ్మని చోడంబలి వాసన వచ్చేది. ఆ విజయంతో బావకి ధైర్యం వచ్చేసింది. ఆ ధైర్యమే మా కొంప ముంచింది.

ఇప్పుడు అక్క సంగతి చెప్పాలి. మా అక్క ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, కానీ గొంతు విప్పితే వీధిలో పోయేవాళ్ళు ఆగుతారు. అంతకు ముందు వేసవిలో, సాలూరు ఘాటీ, అదే కొండదారి, ఎక్కాక పొట్టంగి దగ్గర ఒక కొండ ఊళ్ళో గుడి కడుతూంటే, బొబ్బిలి గుడి ఆడవాళ్ళతో కలిసి పనికి వెళ్ళింది. అక్కడ కొండవాళ్ళ ఆడకూతుళ్ళు గెడ్డలోంచి, అంటే కొండవాగులోంచి, రాళ్ళు మోస్తూంటే వాళ్ళతో పాటు తనూ మోసింది. మోస్తూ మోస్తూ ఒక పాట కట్టింది. "రాళ్ళు మోసిన చేతులారా, రండి లోనికి" అని దాని ఎత్తుగడ. ఆ ఆడవాళ్ళకి అది ఎంత నచ్చిందంటే, గుడి పూర్తయిన రోజు తలుపు తీసేటప్పుడు ఏసమ్మే పాడాలి, ఇంకెవరూ వద్దు అని పట్టుబట్టి కబురు పంపారు.

అక్క ఆ పాట ఇంట్లో పాడేది కాదు. బావ ఎంత బతిమాలినా కూనిరాగం దాటేది కాదు. "తలుపు తీసినప్పుడు మొత్తం పాడతాను. ముందు వరసలో నిలబడి ఇను," అనేది. అది ఆవిడ మొక్కు. బావకి అప్పట్నించి ఒకటే ధ్యాస. అక్కని తన కారులో, ముందు సీటులో, మహారాణిలా ఘాటీ ఎక్కించాలి, ముందు వరసలో నిలబడి ఆ పాట వినాలి.

ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. అక్క వెనక సీటులో కూర్చుని వెళ్తే అన్నీ సవ్యంగా జరిగేవి.

గుడి ప్రతిష్ఠకి ముందురోజు మధ్యాహ్నం నేను బొబ్బిలి చేరేసరికి, కారు బానెట్టు తెరిచి ఉంది. బావ నడుము దాకా అందులో దూరి ఉన్నాడు.

"ఏటి సేస్తన్నావు బావా?"

"మీ అక్క కాల్లకి సెలవిప్పిస్తన్నానురా," అన్నాడు లోపల్నించి. బయటికొచ్చి మసి చేతులతో చూపించాడు. హీటరుకి పోయే రెండు గొట్టాలూ ఊడదీశాడు. ఒకదాన్ని పొట్టిగా కోసి, రెండింటి మూతులూ ఒక ఇనప గొట్టం ముక్కతో కలిపి, ఇనప తీగ బిగించేశాడు. ఇంక నీళ్ళు కారులోపలికి రావు. ఇంజనులోంచి బయటికొచ్చి, చుట్టు తిరిగి, తిన్నగా ఇంజనులోకే పోతాయి.

"ఒక బిరడా కొట్టీవచ్చు కదా?" అన్నాను.

"దారి మూసేస్తే నీల్లు ఊరుకుంటాయేటి? దారి మల్లించాల. సూడు, ఎంత సక్కగా తిరిగినాదో."

"రేపు తెల్లారి ప్రయానం పెట్టుకుని ఇవాల కారు కోస్తావేటి బావా? ఏదైనా అయితే? పొద్దున్న సర్వీసు బస్సున్నాది, అక్కనీ నన్నూ అందులో పంపీ."

బావ ముఖం చిన్నబోయింది. "బస్సులోనా? ఇంట్లో కారెట్టుకుని?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అక్కతో చెప్పిద్దామని లోపలికి వెళ్ళాను. అక్క ప్రతిష్ఠకి కట్టుకునే తెల్లచీర మడత పెడుతోంది.

"నా కాల్ల కోసం సేస్తన్నాడురా. సెయ్యనీ," అంది. అంతే కాదు, ఆ గొట్టం ఇంజనుకి తగిలి కాలిపోకుండా ఎత్తి కట్టడానికి తన పాతచీర అంచు చింపి ఇచ్చింది. మొగుడూ పెళ్ళాలు ఒకటైతే మధ్యలో నేనెంత?

సాయంత్రం నలుగురం పట్టి కారు తోశాం. ఇంజను అందుకుంది. అక్క ముందు సీటులో కూర్చుంది. కోట చుట్టూ తిరిగి వచ్చారు. "సల్లగున్నాదిరా!" అని అక్క కారులోంచే కేకేసింది. బావ నవ్వు చెవులదాకా పాకింది. నిజం చెప్పొద్దూ, ఆ పూట నేను కూడా నమ్మేశాను.

తెల్లవారుతూనే బయల్దేరాం. రామభద్రపురం దాటాం, సాలూరు దాటాం. అక్క ముందు సీటులో కాళ్ళు చాపుకుని కూర్చుని, కిటికీ లోంచి వచ్చే గాలికి కళ్ళు మూసుకుని కూనిరాగం తీస్తోంది. బావ రోడ్డు కంటే ఎక్కువ అక్కనే చూస్తున్నాడు. వెనక సీటులో నాకు మాత్రం సాలూరు దగ్గర్నించే సన్నగా ఏదో ఉడుకుతున్న వాసన తగులుతోంది.

"బావా, అంబలి వాసనొస్తంది."

"ఊల్లో ఎవలో కాసుకుంటన్నారు."

ఊరు దాటాక కూడా వస్తోంది. ఘాటీ మొదలయ్యాక ఇంకా చిక్కగా వస్తోంది. రోడ్డు పక్కన ఇల్లన్నది లేదు. "బావా, ఈ కొండలో ఎవలు కాస్తన్నారు అంబలి?" అన్నాను. బావ గేరు తగ్గించి ముందుకి వంగి కూర్చున్నాడు. అలా వంగితే కారు ఎక్కుతుందని ఆయన నమ్మకం.

సగం ఘాటీలో, ఒక పెద్ద మలుపు దగ్గర, బానెట్టు కింద ఏదో బుసకొట్టింది. ఆవిరి గుప్పుమంది. రేడియేటరు మూత ఎగిరి బానెట్టుకి ఠంగుమని తగిలింది. సందుల్లోంచి గోధుమరంగు అంబలి పొంగి ముందు అద్దం మీదికి పాకింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నేను దూకి వెనక చక్రానికి రాయి పెట్టాను.

అంబలి అద్దం మీద నెమ్మదిగా జారుతోంది. అక్క ఎండ వైపు చూసింది. తలుపు తీసే వేళకి ఇంక ఎంతో సేపు లేదు.

"ఏసీ, అరగంటలో బాగుసేసేస్తాను," అన్నాడు బావ.

"ఏటి బాగుసేస్తావు?" అని అరిచాను నేను. "నిన్న బాగున్నదాన్ని బాగుసేసే కదా ఇంత తెచ్చినావు! బస్సెక్కి ఉంటే ఈ పాటికి..." అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. లేకపోతే ఇంకా ఏమేం అందునో. ఆవిడ గొంతు విప్పబోయే రోజు అది. కొండమీద ఆడవాళ్ళు ఆవిడకోసం మూసిన తలుపు దగ్గర నిలబడి ఉంటారు. ఇక్కడేమో మేము అంబలి చూసుకుంటూ నిలబడ్డాం. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కింద నుంచి ఉప్పు బస్తాల లారీ ఒకటి మూలుగుతూ వచ్చింది. అక్కే రోడ్డు మధ్యకి వెళ్ళి చెయ్యి ఎత్తింది. డ్రైవరు పక్కన ఒక్క మనిషికే చోటుంది. అక్క చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఎక్కింది.

"నువ్వు మీ బావకాడ ఉండు. ఒంటరిగా ఒగ్గీకు," అంది నాతో. తరవాత బావని చూసింది. "బేగి రా మావా. ముందు వరసలో ఉండాల."

"ఒచ్చేస్తాను. తలుపు కూసింత సేపు ఆపమను, ఏసీ!" అని బావ లారీ వెంట నాలుగడుగులు పరిగెత్తాడు. లారీ మలుపు తిరిగిపోయింది.

బావ వచ్చి బానెట్టు ముందు నిలబడ్డాడు. వేడి తగ్గాక ఒక్కొక్క గొట్టమే చేత్తో పట్టుకు చూశాడు. రేడియేటరు అడుగుభాగం చల్లగా ఉంది. చోడిపిండి గడ్డకట్టి, నీళ్ళు అక్కడికి దిగడమే లేదు. నిన్న తాను కలిపిన గొట్టం మాత్రం చెయ్యి పెట్టనివ్వడం లేదు. బావ కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, ఉన్నట్టుండి తల పట్టుకుని రోడ్డు మీద కూలబడ్డాడు.

"అప్పారావు, ఇన్నాల్లూ ఈ కారుని కాసింది ఆ ఈటరేరా. రేడియేటరు మూసుకుపోనా, వేడంతా ఆ డబ్బాలోంచి మన కాల్లమీదికి దిగిపోయీది. నానేమో వేడినీల్లు వేడినీల్లగానే మల్లీ ఇంజన్లోకి తోలినాను. మీ అక్క కాల్లు కాల్తన్నాయని ఇంజన్ని కాల్చినాను."

అంత కోపంలోనూ నాకు జాలేసింది. కానీ జాలితో కారు ఎక్కదు. దారి మళ్ళించిన గొట్టాల్ని మళ్ళీ హీటరుకే తగిలించాలి. ఒకటి అందింది. రెండోది జానెడు తక్కువొచ్చింది. నిన్న కోసింది దాన్నే. కోసిన ముక్క ఎక్కడుందీ అంటే, బొబ్బిల్లో అరుగు మీద ఉంది. అది విన్నాక నేను మళ్ళీ అరిచాను. ఏమని అరిచానో ఇక్కడ రాయను. చివరికి ఆ ఇనప గొట్టం ముక్కనే మధ్యలో అతికించి, పాత సైకిలు ట్యూబు చింపి చుట్టి, అక్క ఇచ్చిన పాతచీర అంచుతో బిగించి కట్టాడు. నేను నీళ్ళ డబ్బా పట్టుకుని గెడ్డలోకి దిగడం, బండలమీద సగం ఒలకబోసుకుంటూ ఎక్కడం. నీళ్ళు పోస్తూంటే అంబలి కక్కుతోంది, మళ్ళీ పొయ్యడం, మళ్ళీ కక్కడం. నా తలప్రాణం తోకకి వచ్చింది.

ఇంజను అందుకోవాలంటే ఒకటే మార్గం. చక్రం కింది రాయి తీసి, కారుని వెనక్కి పల్లానికి జారనిచ్చి, వెనక గేరులో వెయ్యడం. పక్కన లోయ. నేను దేవుడికి దణ్ణం పెట్టుకుని రాయి తీశాను. కారు వెనక్కి జారి, ఎగిరి, దగ్గి, అందుకుంది. వెళ్ళి ముందు సీటులో కూర్చున్నాను. కాళ్ళు కాలిపోతూంటే మిగిలిన ఘాటీ అంతా మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఎక్కాను.

మేము ఆ ఊరు చేరేసరికి గుడి తలుపు బార్లా తెరిచి ఉంది. జనం చెట్లకింద విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు. అన్నం వాసన వస్తోంది. బావ కారు దిగి, ఇంజను ఆపకుండానే, గుడి వైపు పరిగెత్తాడు. గుమ్మం ముందు ఎవరూ లేరు. బావ అక్కడ, ముందు వరస ఉండాల్సిన చోట, ఊరికే నిలబడ్డాడు.

ఆ తరవాత ఒక్కొక్కళ్ళూ వచ్చి చెప్పడం మొదలెట్టారు. "ఎంత బాగా పాడిందయ్యా మీ ఆవిడ!" అని పాస్టరు గారు. "కళ్ళ నీళ్ళు ఆగలేదు," అని ఇంకొకరు. కొండ ముసలమ్మ ఒకావిడ వచ్చీరాని తెలుగులో, "పాట మాది. మా చేతులు పాట," అని తన అరచేతులు బావ ముందు చాపి చూపించింది. "నువ్వు ఎక్కడ నిలబడ్డావు? కనబడలేదే?" అని అడిగినవాళ్ళూ ఉన్నారు. బావ అందరికీ తల ఊపుతున్నాడు. ఆ ముఖం చూడలేక నేను విస్తరి ముందు కూర్చున్నాను.

అక్క బావకి వడ్డించింది. అంబలి మరకలు పడిన చొక్కా చూసి, "సున్నిపిండెట్టి ఉతికితే పోద్ది," అంది.

పొద్దు వాలుతూంటే దిగడం మొదలెట్టాం. అక్క ముందు సీటులోనే కూర్చుంది, కాళ్ళు సీటు మీదికి మడుచుకుని. రెండు మలుపులు దిగాక బావ అడిగాడు.

"ఏసీ, ఒక్కసారి పాడవా?"

"ఈ మోతలోనా? ఇంజను ఆపు మావా, పాడతాను."

బావ చెయ్యి తాళం మీదికి వెళ్ళింది. ఆ చెయ్యి మళ్ళీ స్టీరింగు మీదికి వచ్చేసింది. "ఘాటీలో ఆపకూడదే. మల్లీ అందుకోకపోతే?"

"దిగుడే కదా బావా! రాయి తీస్తే అదే అందుకుంటాది!" అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఎక్కేటప్పుడు వెనక్కి జారుస్తూ అందించిన మనిషికి ఆ మాత్రం తెలీదా? కానీ పొద్దున్న ఆగిపోయిన భయం ఆయన చేతుల్లో ఉండిపోయింది. "ఆ మలుపు దాటనీ," అన్నాడు. మలుపు దాటింది. "ఇంకొక్కటి," అన్నాడు. అదీ దాటింది. ముందుకి వంగి తాళం తిప్పేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. అక్క కిటికీ వైపు తిరిగి కొండల్ని చూస్తోంది.

ఘాటీ అంతా దిగి, నేల చదునైన చోట, బావ కారు పక్కకి తీసి ఇంజను ఆపేశాడు. ఆ కారు తనంతట తను ఆగిపోవడమే గానీ, దారిలో బావ ఆపగా చూడ్డం నాకు అదే మొదలు. చుట్టూ ఒక్కసారిగా నిశ్శబ్దం.

"ఇప్పుడు పాడు," అన్నాడు. చిన్నపిల్లాడి ముఖం పెట్టుకుని అక్క వైపు తిరిగి కూర్చున్నాడు.

"కోపమై కాదు మావా," అంది అక్క. "తలుపు తీసీటప్పుడు ముందు వరసలో నీకోసం సూసినాను. నువ్వు నేవు. కడదాకా సూస్తూనే పాడినాను. ఇప్పుడు పాడమంటే రాటం నేదు."

బావ తల వంచుకున్నాడు. నేను కారు దిగాను. దిగక ఏం చేస్తాను? చదును నేల మీద ఆగిన కారు, తోసేవాడు తోయాలి. బావ స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. నేను వెనక భుజం ఆనించాను. అక్క కూడా దిగి వచ్చి, చెంగు నడుముకి బిగించి, నా పక్కన రెండు చేతులూ కారుకి ఆనించింది.

తోస్తూంటే, ఆ బరువు మీద, ఆయాసం మధ్యలో, అక్క నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "రాళ్ళు మోసిన చేతులారా..." తలుపు ముందు పాడినట్టు కాదు. రాళ్ళు మోస్తూ కట్టినప్పుడు పాడినట్టు. తోయడం ఆపేద్దామా అనుకున్నాను. "రండి..." అని ఎత్తుకునే లోపల కారు కుదుపిచ్చి, దడదడమని అందుకుంది. ఆ మోతలో మిగతాది నాకే వినబడలేదు.

బావ కిటికీ లోంచి తల బయటపెట్టి వెనక్కి తిరిగాడు. "ఏటన్నావే?"

"ఏటీ నేదు. తోలు మావా, సీకటి పడతాది," అంది అక్క.

నేను చెప్పేద్దామని నోరు తెరిచాను. అక్క నావైపు చూసింది. నోరు మూసుకుని వెనక ఎక్కాను. అక్క ముందు సీటులో కాళ్ళు పైకి మడుచుకుని కూర్చుంది. కింద హీటరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.